జమ్ముపిట్టలు సున్నా

"జమ్ముపిట్టలు, సున్నా" అన్నారు మామగారు. కోడలు రాసింది. కొత్త సంవత్సరం మొదలైనప్పటి నుంచి ఆ గడిలో ఆమె రాసిన పదిహేడో సున్నా అది.

ప్రతి ఆదివారం, బుధవారం పొద్దున్నే ఆయన కాగితం మిల్లు వెనక ఉన్న గుంట దగ్గరికి వెళ్ళి పక్షుల్ని లెక్కపెట్టి వచ్చేవారు. బురద బూట్లు గుమ్మం బయటే విప్పి, చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి పైకి చదివేవారు. ఆమె వంటింటి బల్ల మీద కూర్చుని పెద్ద పుస్తకంలోకి ఎక్కించేది. ఆయన రాత ఒక్కోసారి ఆయనకే అర్థం కాదు. ఆమె చదువు పదో తరగతి సగంలో ఆగిపోయింది గానీ అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి. పాప పుట్టిన కొత్తలో ఏ మందు ఏ వేళకో, ఎన్ని చుక్కలో చీటీలు రాసి సీసాలన్నిటికీ అంటించింది. అవి చూసి ఆయన, "అమ్మాయ్, మా ఓడలో నీలాంటిది ఒక్కతి ఉంటే సగం తిట్లు తప్పేవి మాకు" అని ఆ పుస్తకం ఆమెకు అప్పగించారు.

ఆయన పద్దెనిమిదో ఏట నౌకాదళంలో చేరారు. పదిహేనేళ్ళూ నీటిమట్టానికి కిందే, బాయిలర్ల గదిలో గడిచాయి. అక్కడ మనుషులు ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూ మాట్లాడుకునేవారు. చెవుల్లో దూది పెట్టుకున్నవాణ్ణి కొత్త పెళ్ళికూతురని ఏడిపించేవారు. అందుకని ఆయన పెట్టుకోలేదు. బాయిలర్లోకి పోయే మంచినీళ్ళలో సముద్రపు ఉప్పు కలిసిందేమో గంటగంటకూ చూడడం ఆయన వంతు. గాజుగొట్టంలో నీళ్ళు పట్టి ఒక మందు చుక్క వేస్తారు. ఉప్పుంటే తెల్లగా మసకేస్తుంది. ఆ మసక ఎందుకు వస్తుందని పైవాళ్ళను అడిగితే, నీకెందుకు, వస్తే గంట కొట్టు అన్నారు. ఎందుకో తెలుసుకోవడానికే ఆయన నౌకాదళం వదిలాక ముప్పైమూడో ఏట కెమికల్ ఇంజినీరింగులో చేరారు. తరగతిలో పిల్లలు బాబాయ్ అని పిలిచేవారు. మొదటిరోజు ఒక కుర్ర లెక్చరరు ఈయన్ని చూసి, తనిఖీకి వచ్చిన పెద్దమనిషనుకుని లేచి నిలబడ్డాడు.

పక్షుల పిచ్చి అంతకు ముందే పట్టింది. ఒకరోజు నాలుగు గంటల డ్యూటీ దిగి పైకొచ్చేసరికి, కనుచూపు మేరలో నేలన్నది లేనిచోట, ఒక చిన్న పిట్ట కమ్మీ మీద కూర్చుని రొప్పుతోంది. పాపం ఇదీ ఇప్పుడే డ్యూటీ దిగినట్టుందే అనుకున్నారట.

కాగితం మిల్లులో ఆయన ఇరవై నాలుగేళ్ళు చేశారు. గుజ్జు కడిగిన నీళ్ళు మూడు తొట్లలో గాలి కొట్టించుకుని, చివరికి ఒక పెద్ద గుంటలో పదిరోజులు నిలిచి, అక్కడి జమ్ము వేళ్ళ మధ్య నుంచి కాలవలోకి పోవాలి. ఆ గుంట గీసిందీ, తవ్వించిందీ, జమ్ము నాటించిందీ ఆయనే. కింద పనిచేసే కుర్రాళ్ళకు, మీటరు చూడండి గానీ తల ఎత్తి పిట్టను కూడా చూడండని చెప్పేవారు.

అన్నిటికన్నా ఆయన నమ్మింది జమ్ముపిట్టను. అది బొటనవేలంత ఉంటుంది. జమ్ము వేళ్ళ దగ్గరి పురుగుల్ని తిని బతుకుతుంది కాబట్టి, నీళ్ళు చెడితే ముందు పోయేది అదేనని ఆయన లెక్క. కంటికి కనపడదు, కూతను బట్టే లెక్కపెట్టాలి. గుంట చుట్టూ ఆరు చోట్ల, చోటుకి పది నిమిషాలు, నోరు మెదపకుండా నిలబడాలి. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఒక్కరే అట్లా నిలబడుతున్నారు. మొదట్లో ముప్పై, ముప్పై ఒకటి వచ్చేవి. పన్నెండేళ్ళ కిందట ఇరవై ఏడుకు దిగాయి. తర్వాత ఇరవై, పదమూడు, ఆరు, రెండు. మూడేళ్ళుగా ఒక్కటీ లేదు. బాతులు, కొంగలు మాత్రం ఎప్పట్లాగే ఉన్నాయి.

ఆయన పద్నాలుగు పేజీల ఫిర్యాదు రాశారు. మీటర్లకు అందని విషమేదో మిల్లు నీళ్ళలో ఉందని, అది తేలేదాకా మిల్లు ఆపాలని అందులో ఉంది. తన చేత్తో తవ్వించిన గుంట మీద తనే ఫిర్యాదు చేశారు. పిట్టల లెక్క ఏటేటా దిగిపోవడం చూపించే జారుడుబండలాంటి గీతల బొమ్మ అందులో వేసింది కోడలు. కాలుష్యం ఆఫీసు వాళ్ళు ఒకసారి మధ్యాహ్నం పన్నెండింటికి, ఈదురుగాలిలో వచ్చి, ఈయన సున్నా అంటే సున్నా అని రాసుకుని వెళ్ళారు. శుక్రవారం విచారణ. మిల్లు మూడు నెలలు ఆపాలా వద్దా అన్నది ఆరోజే తేలుతుంది.

ఆ సోమవారం పొద్దున పిపెట్టు వచ్చాడు. మిల్లులో మురుగునీటి విభాగానికి ఇప్పుడతనే పెద్ద. ఇరవై ఏళ్ళ కిందట మామగారి దగ్గర పని నేర్చుకుంటూ, ద్రవాలు కొలిచే సన్నటి గాజుగొట్టాలు మూడు మొదటి వారంలోనే విరగ్గొట్టి ఆ పేరు తెచ్చుకున్నాడు. నలభై దాటినా, జుట్టు పలచబడినా పేరు వదల్లేదు.

"గురువుగారూ, మూడు ల్యాబుల్లో పరీక్ష చేయించాను. మూడూ బాగున్నాయనే చెప్పాయి" అన్నాడు, కుర్చీ అంచు మీద కూర్చుని.

"సంతోషం. మరి పిట్ట ఏదోయ్?"

"పిట్ట సంగతి నాకేం తెలుసండీ?"

"అదీ సంగతి! నీకు తెలీదు, ల్యాబుకి తెలీదు. దానికి తెలిసింది, వెళ్ళిపోయింది."

"శుక్రవారం గనక ఆపమంటే ముందు నన్ను ఇంటికి పంపిస్తారు. నా తర్వాత రెండువందల మందిని. మీరు పెట్టిన మనుషులే సగం మంది."

"నాకు తెలీదనా? ఆ జమ్ము నాటిన వాళ్ళ పేర్లు ఇప్పటికీ చెప్తాను. కాలవ కిందవాళ్ళ చేపల చెరువులకు పోయేది మన నీళ్ళేనయ్యా. నేనేం చెయ్యను?"

లోపలి నుంచి అత్తగారు టీ తెచ్చి, "తాగు నాయనా. కప్పు జాగ్రత్త, గాజుదే" అంది. పిపెట్టు నవ్వలేక నవ్వాడు.

ఆ మధ్యాహ్నం పాపకు ఒళ్ళు వెచ్చబడింది. పాపకు మూడేళ్ళు. ఒళ్ళు వెచ్చబడితే కోడలికి కాళ్ళూ చేతులూ ఆడవు. భర్త పనిలో ఉన్నాడు. ఆమె తడిగుడ్డ కోసం వంటింట్లోకి పోతూ పాపను మామగారి ఒళ్ళో కూర్చోబెట్టి, థర్మామీటరు చంకలో పెట్టించింది. కుళాయి కట్టేసేసరికి థర్మామీటరు కీచుకీచుమని మోగడం వినపడింది. మోగి ఆగిపోయింది. ఆయన ఎంతుందో చెప్తారని చూసింది. చెప్పలేదు.

"ఎంతుంది మామయ్యా?"

"ఇంకా మోగలేదమ్మా."

"మోగింది తాతా" అంది పాప.

"లేదు తల్లీ, కదలకు. అమ్మాయ్, దీనికి బ్యాటరీ మార్చాలి. ఈమధ్య అసలు మోగడమే లేదిది."

ఆమె తడిచేత్తోనే వచ్చి చూసింది. నూటొకటి. మందు వేసింది, గుడ్డ తడిపి నుదుటి మీద వేసింది, పాప నిద్రపోయేదాకా కూర్చుంది. ఆ తర్వాతే భయపడడానికి ఆమెకు తీరిక దొరికింది. ముందు వచ్చిన ఆలోచన పిట్ట గురించి కాదు. ఎన్నిసార్లు పాపను ఆయన దగ్గర వదిలి బజారుకు వెళ్ళిందో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. పక్కగదిలో ఏడిస్తే వింటారా? వింటారు, చాలాసార్లు పరుగెత్తుకొచ్చారు. పిపెట్టు గొంతూ బాగానే విన్నారు. మరి వినపడనిదేది? సన్నగా ఉండేది. అప్పుడు పిట్ట గుర్తొచ్చింది. ఆ గీతల బొమ్మ గుర్తొచ్చింది. అది గీసింది తన చెయ్యే.

మంగళవారం సాయంత్రానికి జ్వరం దిగింది. పాప బిస్కెట్టు అడిగింది. కోడలు అత్తగారి పక్కన కూర్చుని గుడ్డలు మడతపెడుతూ అంది, "అత్తయ్యా, మామయ్యకు చెవి సరిగ్గా వినపడదా?"

"ఇప్పుడా తెలిసింది నీకు? పదేళ్ళైంది."

"మరి ఆయనకు చెప్పలేదా?"

"చెప్పాను. వినపడలేదు."

కోడలికి నవ్వు రాలేదు. మనసులో ఉన్నది చెప్పేసింది. అత్తగారి చేతిలో మడత ఆగిపోయింది.

"పిట్టలు ఉన్నాయంటావా?"

"తెలీదు. ఉంటే?"

అత్తగారు ఆగిన మడత పూర్తి చేసి గుట్ట మీద పెట్టింది. "ఉంటే మాత్రం నువ్వు చెప్పకు" అంది చివరికి. "ఓడ పోయింది, మిల్లు పోయింది. ఆయనకు మిగిలింది ఆ పుస్తకమొక్కటే. శుక్రవారం అయిపోనీ."

"శుక్రవారం అయిపోతే అందరి పనీ అయిపోతుంది అత్తయ్యా."

బుధవారం పొద్దున ఆయన బూట్లు వేసుకుంటుంటే, "నేనూ రానా మామయ్యా? పుస్తకం రాసేది నేనే కదా, ఎల్లుండి ఎవరైనా అడిగితే చూసుండాలి కదా" అంది. ఆయన సంతోషించారు. పాపను అత్తగారికి అప్పగించి, మందు వేళలు రెండుసార్లు చెప్పి, గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి మూడోసారి చెప్పి బయల్దేరింది.

గుంట దగ్గర ఉడికిన గడ్డి వాసన. జమ్ము మనిషి కన్నా ఎత్తు పెరిగి ఉంది. "ఇదిగో, ఇట్లా కూస్తుంది, ఒకప్పుడు" అని ఆయన పళ్ళ మధ్య నుంచి గాలి లోపలికి లాగి చూపించారు. దారం తెగినంత సన్నటి చప్పుడు. తర్వాత వాచీ చూసుకుని, వేలు పెదవుల మీద పెట్టుకుని నిలబడ్డారు. ఆయన నిలబడడం చూస్తే ముచ్చటేస్తుంది. కనురెప్ప తప్ప ఏదీ కదలదు.

ఒక నిమిషం కాకముందే, ఎడంపక్క జమ్ములోంచి అదే చప్పుడు వచ్చింది. కుడిపక్క నుంచి ఇంకోటి బదులిచ్చింది. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన శ్రద్ధగా వింటున్నారు. చెయ్యి కొంగు చాటున పెట్టుకుని వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆరు చోట్లా అదే వరస. ప్రతిచోటా ఆయన చిన్న పుస్తకం తీసి, బాతులెన్ని, కొంగలెన్ని అని రాసి, చివర సున్నా చుట్టారు. ఆరో చోట దగ్గర పెన్సిలు జేబులో పెట్టుకుంటూ, "చూశావుగా" అన్నారు. ఆమె లెక్క ఇరవై ఆరు అయింది.

ఇంటికి వచ్చారు. వంటింటి బల్ల మీద పెద్ద పుస్తకం తెరిచింది. ఆయన చదివారు, ఆమె రాసింది. "జమ్ముపిట్టలు, సున్నా." ఆమె రాయలేదు.

"ఇంకు అయిపోయిందా?"

"మామయ్యా, నాకు వినపడ్డాయి."

"ఏవి?"

"జమ్ముపిట్టలు. ఇరవై ఆరు."

ఆయన నవ్వారు. "కొత్తవాళ్ళకు అట్లాగే ఉంటుందమ్మా. పురుగులు కూడా అరుస్తాయి. ఏదీ, నువ్వు విన్న కూత ఒకసారి కూసి చూపించు."

ఆమె పళ్ళ మధ్య నుంచి గాలి లాగింది. ఆయన ఆమె నోటికేసి చూస్తూ ఉన్నారు.

"ఊఁ, కానీ. సిగ్గెందుకు?"

"కూశాను మామయ్యా."

గుమ్మంలో అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన ఒకసారి భార్యను చూశారు, ఒకసారి కోడల్ని చూశారు. "మళ్ళీ" అన్నారు. ఆమె మళ్ళీ కూసింది. "మళ్ళీ." అత్తగారి వెనక నుంచి పాప, "తాతా, పిట్ట!" అని చప్పట్లు కొట్టింది.

ఆయన అరిచి ఉంటే బాగుండేదని తర్వాత కోడలికి అనిపించింది. ఆయన అరవలేదు. "ఇట్లా కుదరదు, నువ్వు మూతి కదిలించడం నాకు కనపడుతోంది" అని లేచి, పరీక్ష ఏర్పాటు చేశారు. థర్మామీటరు మీట నొక్కితే ఒకసారి కీచుమంటుంది. కోడలు తలుపవతల నిలబడి నాణెం ఎగరెయ్యాలి. బొమ్మ పడితే మీట నొక్కాలి, బొరుసు పడితే ఊరుకోవాలి. ఏది చేసినా ఆ తర్వాత తలుపు ఒకసారి తట్టాలి. ఇవతల ఆయన మోగిందో లేదో రాసుకుంటారు. ఇరవైసార్లు. మొదటిసారి పాప "మోగిందీ!" అని కేకేసింది. పరీక్ష చెడిపోయిందని పాపను పెరట్లోకి పంపించి మళ్ళీ మొదలుపెట్టారు.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. ఆమె పదకొండుసార్లు నొక్కింది. ఆయన ఇరవైసార్లూ లేదని రాశారు.

"పదకొండుకి సున్నా" అన్నారు. కాసేపాగి, "గీత బాగా గీశావమ్మా. పోయింది పిట్ట కాదు, నేను" అన్నారు. పెద్ద పుస్తకం ముందుకు లాక్కుని వెనక పేజీలు తిరగేస్తూ పోయారు. "ఇరవై ఏడు. ఇది నిజమేనా? ఇరవై. ఇది గాలి వల్లా, చెవి వల్లా? ఏ ఏడాది నుంచి తప్పో కూడా నాకు తెలీదు. అదే ఘోరం."

ఓడ పుస్తకంలో తప్పు రాస్తే చెరపకూడదు. మీద ఒక్క గీత కొట్టి పక్కన సంతకం చెయ్యాలి. ఆయన పన్నెండేళ్ళ జమ్ముపిట్టల గడులన్నిటికీ అట్లా గీత కొట్టి సంతకాలు చేశారు. భోజనానికి రమ్మని అత్తగారు రెండుసార్లు పిలిచింది. వినపడలేదేమోనని మూడోసారి భుజం తట్టింది. "వినపడింది" అన్నారు.

శుక్రవారం కోడలే వెంట వెళ్ళింది. హాలు నిండిపోయింది. ఒకవైపు మిల్లు వాళ్ళు, ముందు వరసలో ముఖం వాడిపోయిన పిపెట్టు. రెండోవైపు చేపల చెరువుల వాళ్ళు. ఈయన రాగానే వాళ్ళు లేచి ముందు కుర్చీ చూపించారు. ఆయన వెనకే కూర్చున్నారు.

విచారణ అధికారి ఒకావిడ. సన్నటి గొంతు. ఆవిడ ఏదో అడిగింది. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆవిడ మళ్ళీ అడిగింది. ఆయనకు అందలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. కోడలు లేచి, గొంతు కాస్త లావు చేసి, నింపాదిగా, "మీ ఫిర్యాదులో ఉన్నదంతా నిజమేనా అని అడుగుతున్నారు మామయ్యా" అంది. అంతమందిలో లేచి మాట్లాడడం ఆమెకు అదే మొదటిసారి.

"లేదండీ" అన్నారాయన. "జమ్ముపిట్టలు ఉన్నాయి. బుధవారం మా కోడలు ఇరవై ఆరు లెక్కపెట్టింది. వాటి కూత నాకు వినపడదు. ఎన్నేళ్ళ నుంచి వినపడదో తెలీదు. అందుకని పన్నెండేళ్ళ లెక్క కొట్టేశాను. ఇన్నాళ్ళూ నేను గుంటను కొలుస్తున్నాననుకుని నా చెవినే కొలుచుకున్నాను." ఇరవైసార్ల పరీక్ష కాగితాలు రెండూ బల్ల మీద పెట్టారు.

హాల్లో గోల లేచింది. చేపల చెరువుల పెద్ద నిలబడి, "మొన్నటిదాకా విషమన్నారు! పాత మిల్లు మీద ప్రేమ ఒక్కసారి పొంగుకొచ్చిందా బాబాయ్?" అన్నాడు. ఈ మాట కోడలు మళ్ళీ చెప్పక్కర్లేకపోయింది. అతని గొంతు బండగొంతు.

"నీ కోపం నీదే గానీ, నీళ్ళు బాగున్నాయని నేననలేదు. బాగాలేవనీ అనలేను. నా పుస్తకం దేనికీ పనికిరాదంటున్నాను. మీ నీళ్ళు మీరే పట్టుకెళ్ళి పరీక్ష చేయించండి. ఆగకుండా చేయించండి."

"అంటే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నారా?" కోడలు అధికారి మాట అందించింది.

"తీసుకుంటున్నాను."

మిల్లు ఆపక్కర్లేదని, ఏడాదిపాటు నెలనెలా బయటివాళ్ళు నీళ్ళు పరీక్ష చెయ్యాలని రాసుకుని అధికారి లేచింది. చేపల చెరువుల వాళ్ళు ఈయన పక్క నుంచే పలకరించకుండా వెళ్ళిపోయారు. ఒకడు మాత్రం ఆగి, "చెవిటి సైనికుడు" అని పోయాడు. అది ఆయనకు వినపడిందో లేదో కోడలు అడగలేదు.

మెట్ల దగ్గర పిపెట్టు పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు. "గురువుగారూ, మా అందరినీ..."

"ఆగు. నీ గుంట దగ్గర నువ్వెప్పుడైనా పది నిమిషాలు నిలబడ్డావా?"

పిపెట్టు చేతులు వదిలేశాడు.

"మూడు ల్యాబులకు పరుగెత్తావు. ఆఫీసుకూ గుంటకూ మధ్య రెండువందల అడుగులు. నీకు చెవులున్నాయి. ఒక్కపొద్దు వచ్చి నిలబడితే ఈ శుక్రవారమే ఉండేది కాదు."

"మీరు లేవన్నారు కదండీ" అన్నాడు పిపెట్టు. "మీరు లేవన్నాక ఉన్నాయేమోనని ఎందుకు చూస్తాను?"

ఆయన అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి మెట్లు దిగారు.

ఇద్దరూ బస్సు స్టాపు వైపు బయల్దేరారు. పాప మందు వేళ దాటిపోతోందని కోడలు రెండుసార్లు వాచీ చూసుకుంది. ఆయన తలవంచుకుని, నేల చూస్తూ నడుస్తున్నారు. అరవై అడుగులు వేశాక అన్నారు, "ఇరవై ఆరు కదూ. ఏ చోట ఎక్కువున్నాయి?"

"నాలుగో చోట మామయ్యా. తొమ్మిది."

"అక్కడ మోకాలి లోతు నీళ్ళు కూడా ఉండవు. తొమ్మిదా?"

"తొమ్మిదే. రెండుసార్లు లెక్కపెట్టాను."

ఆయన ఆగిపోయారు. వెనకవాళ్ళు తప్పుకుని పోతున్నారు. "గూళ్ళు పెడుతున్నట్టున్నాయే" అన్నారు.